తోసేవాళ్ళున్నారుగా

చెత్త లారీ స్టార్ట్ కాలేదు. అందులో వింతేమీ లేదు. వానలు మొదలైనప్పటి నుంచి అది ఏ పొద్దూ తనంతట తాను స్టార్ట్ అయిన పాపాన పోలేదు. రోజూ తెల్లారగానే వీధులూడ్చే ఆడవాళ్ళు చీపుళ్ళు గోడకి ఆనించి దాని వెనక చేరతారు. యార్డులో గేటు దాకా నేల కాస్త పల్లం. అందరూ కలిసి తోస్తే లారీ పరుగందుకుంటుంది. డ్రైవర్ గేరు వేసి క్లచ్ వదులుతాడు. అది ఒక్కసారి ఎగిరిపడి, దగ్గి, తోసినవాళ్ళ మొహాల మీదే నల్లపొగ ఊది కదులుతుంది. వాళ్ళకి దక్కే కృతజ్ఞత అంతే.

నిన్న క్లచ్ వదిలినప్పుడు లారీ గోడలా ఆగిపోయింది. తోస్తున్న ఊపులో ఉన్నవాళ్ళంతా వెళ్ళి దానికి గుద్దుకున్నారు. హారన్ వాళ్ళ తోడికోడలి మోకాలు లారీ వెనకున్న ఇనప కొక్కేనికి తగిలింది. మోకాలి చిప్ప పగిలిందని ఆసుపత్రిలో చెప్పారు.

హారన్ అంటే మనిషే. ఆమె నోరు తెరిస్తే వీధిలో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయని తోటివాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా? "అరిగిపోయిన చెప్పులేసుకుని వస్తే జారిపడక ఏమవుతారు? బండి కండిషన్‌లోనే ఉంది. నడవలేని మనిషిని పెట్టుకుని నేనేం చేసుకోను? రేపో ఎల్లుండో వేరే మనిషిని చూస్తా."

ఇదీ లెక్క. బండి బాగుంటే తప్పు చెప్పులది. చెప్పులది తప్పయితే మోకాలు పోయినామె పని కూడా పోతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, లారీని బాగుచేయించలేనివాడు చెప్పుల మీద పడ్డాడు. తోడికోడలు రాత్రంతా మూలుగుతూ ఒక్కటే మాట అడిగింది: "అక్కా, నా పని పోనివ్వకు."

అందుకే ఈ పొద్దున హారన్ లారీ వెనక్కి వెళ్ళలేదు. ముందుకెళ్ళి, చేతులు కట్టుకుని బంపర్‌కి వీపు ఆనించి నిలబడింది.

"ఏంటమ్మా అక్కడ? ముందు నిలబడితే తోసేదెలా?" సూపర్‌వైజర్ టీ గ్లాసుతో గదిలోంచి బయటికొచ్చాడు.

"తోయం సారూ. ఇది ఎందుకు స్టార్ట్ కాదో ముందు తేలాలి."

"బ్యాటరీ వీక్. పొద్దున పూట చలికి అట్లాగే ఉంటుంది."

"నిన్న సాయంత్రం కండిషన్‌లో ఉందన్నారు. రాత్రికి రాత్రి జ్వరమొచ్చిందా దానికి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజర్ టీ గ్లాసు కిటికీ మీద పెట్టాడు. "నువ్వేమన్నా మెకానిక్‌వా?"

"కాదు. తోసేదాన్ని. ఏం తోస్తున్నానో తెలుసుకోవాలనుంది." హారన్ డ్రైవర్ వైపు తిరిగింది. "ఏయ్ తమ్ముడూ, ఎక్కు. తాళం తిప్పు."

డ్రైవర్ సన్నటి మనిషి, మెత్తటివాడు. అతనంటే నిన్నటి నుంచి ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. మోకాలు పగిలింది అతని కాలు క్లచ్ మీంచి లేచినప్పుడే కదా. అతను సూపర్‌వైజర్ మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. ఏ మొహం ఎక్కువ భయపెట్టిందో ఏమో, ఎక్కి తాళం తిప్పాడు.

ఏమీ లేదు. కుయ్యి లేదు, కయ్యి లేదు.

"లైట్లెయ్యి."

రెండు లైట్లూ భగ్గున వెలిగాయి. ఎదురుగా గోడ మీద పాచి కూడా కనిపించింది.

"హారన్ కొట్టు."

"భోం" మని యార్డంతా అదిరింది.

"ఏ హారనే మోగింది?" అంది గుంపులో అందరికంటే పెద్దావిడ. ఆమెని అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. ఈసారి అంతా గట్టిగానే నవ్వారు.

హారన్ నవ్వలేదు. "బ్యాటరీ నీరసపడితే దీపం గుడ్డిదవ్వదా సారూ? మా ఇంట్లో టార్చి లైటుకి తెలిసిన సంగతి అది. ఇది చూడండి, కళ్ళు చెదిరిపోతున్నాయి."

"అయితే డీజిల్లో గాలి చేరుంటుంది."

"గాలి చేరితే తోసినా స్టార్ట్ కాదు కదా సార్..." అని డ్రైవర్ నోరు జారి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

సూపర్‌వైజర్ అతని వైపు చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. డ్రైవర్ తల దించుకున్నాడు. దించుకుంటూ దించుకుంటూ ఎడమ ముందు చక్రం వైపు ఒకసారి చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. హారన్ ఆ చూపుని పట్టేసింది.

"అక్కడేముంది?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే ఎందుకు చూశావు?"

వెనక గొణుగుడు మొదలైంది. పొద్దెక్కుతోంది. ఆలస్యమైనకొద్దీ మధ్యాహ్నం ఎండలో కుళ్ళిన చెత్త ఎత్తాల్సింది వాళ్ళే. పెద్దమ్మ ముందుకొచ్చింది. "తోస్తే పోయేదానికి పంచాయితీ ఎందుకే? నాలుగు అడుగులు తోసేసి పోదాం పద."

హారన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. సూపర్‌వైజర్ మీద కోపం ఒక ఎత్తు. తనవాళ్ళ మీద కోపం ఇంకో ఎత్తు, అది కాలుస్తుంది. "నిన్న నీ మోకాలు పగిలుంటే ఈ మాటే అనేదానివా పెద్దమ్మా? నా పక్కనున్నది పడింది. నీ పక్కనున్నది నేనే. ఇంకో అడుగు ఇటుంటే నేను పడేదాన్ని, అటుంటే నువ్వు పడేదానివి. నాలుగు అడుగులంట!"

పెద్దమ్మ మూతి ముడుచుకుంది. వెనక్కి మాత్రం పోలేదు.

హారన్ నేల మీద వెల్లకిలా పడుకుని లారీ కిందికి పాకింది. వీపు కింద నూనె, బురద, నిన్నటి చెత్త రసం. ఇన్నాళ్ళూ ఈ బండిని వెనకనుంచే చూసింది. దాని తుప్పు, దాని కొక్కెం, దాని పొగ గొట్టం, అన్నీ తన చేతి గీతల్లా తెలుసు. కడుపు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. తోసేవాడి తల ఎప్పుడూ కిందికే వంగి ఉంటుంది. వాడికి కనపడేది వాడి కాళ్ళు మాత్రమే.

ఎడమ చక్రం లోపలి వైపు, ఇంజన్ చివర, ఒక గోనెపట్టా ముక్క కుక్కి ఉంది. పట్టి లాగింది. వెనక గుండ్రటి కంత. పిడికిలి సులువుగా దూరుతుంది. లోపల పళ్ళచక్రం అంచు మెరుస్తోంది. కంత పక్కన బొటనవేలంత లావు వైరు ఒకటి, కొసకి నల్ల టేపు చుట్టి, కోసేసిన తోకలా వేలాడుతోంది.

ఆమె అలాగే పడుకుని కాసేపు చూసింది. విరిగిన సామాను కనపడుతుందనుకుంది. వదులైన తీగ కనపడుతుందనుకుంది. అక్కడ అసలు ఏమీ లేదు.

పాకుతూ బయటికొచ్చి గోనెముక్క డ్రైవర్ ఒళ్ళో విసిరింది. "ఈ గుడ్డ కుక్కిన చోట ఏముండాలి?"

డ్రైవర్ ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. "సెల్ఫ్ మోటారు అక్కా. తాళం తిప్పగానే ఇంజన్‌ని మొదట తిప్పేది అదే."

"ఏది మరి?"

డ్రైవర్ గోనెముక్కని మడత పెట్టసాగాడు.

"నిన్నే రా అడుగుతోంది!" ఈసారి అరిచింది పెద్దమ్మ.

"తీశారు. ఆఫీసర్ల కాలనీకి వెళ్ళే లారీకి వేశారు. దాని సెల్ఫ్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా అన్నారు. రాలేదు."

నెలల తరబడి ఈ మనిషి రోజూ పొద్దున లేని మోటారుకి తాళం తిప్పి, పెదవి విరిచి, "బ్యాటరీ డౌన్" అంటున్నాడు. వీళ్ళు పాపం బ్యాటరీని తిట్టుకుంటూ భుజాలు పెడుతున్నారు.

"కాలిపోయింది వాళ్ళ లారీది," హారన్ నెమ్మదిగా అంది. ఆమె నెమ్మదిగా మాట్లాడటం అంతకుముందు అక్కడ ఎవరూ వినలేదు. "అయితే ఆ లారీని తోసుకోవాలి. దీన్ని ఎందుకు విప్పారు సారూ?"

సూపర్‌వైజర్‌కి మింగలేక కక్కలేక ఉంది. చివరికి ఓదార్పు గొంతుతో అన్నాడు: "అది పెద్దవాళ్ళుండే చోటమ్మా. పొగ పడదు, చప్పుడు పడదు. ప్రతి గేటు ముందూ ఇంజన్ ఆపాలి, మళ్ళీ స్టార్ట్ చెయ్యాలి. గేటు గేటుకీ మనుషులు బండి తోస్తూ కేకలేస్తుంటే చూడ్డానికి బాగుంటుందా? ఇక్కడైతే పర్లేదు. తోసేవాళ్ళున్నారుగా."

అదీ రోగం! లారీ ఎందుకు స్టార్ట్ కాదో అతనే విడమరిచి చెప్పాడు. సెల్ఫ్ లేకపోవడం వల్ల కాదు. తోసేవాళ్ళున్నారు కాబట్టి. ఈ భుజాలు లేకపోతే వారం తిరక్కుండా కొత్త మోటారు వచ్చేది. తాము ఎంత గట్టిగా తోస్తే ఆ మోటారు అంత దూరం జరిగిపోయింది. ఈ సంగతి హారన్‌కి బుర్రకెక్కేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధతో కాదు. ఒక్కోసారి కోపం బయటికి రావడానికి వేరే దారి దొరకదు.

"విన్నారా అందరూ? మన బండికి సెల్ఫ్ మనమేనంట. మనకి తిండి తక్కువ, డీజిల్ అక్కర్లేదు, కాలితే ఇంకోదాన్ని పెట్టుకోవచ్చు. మా చెల్లి కాలింది, ఎల్లుండికల్లా ఇంకోదాన్ని బిగిస్తాడంట!"

"మాటలు తిన్నగా రానీ! తోస్తారా, అందర్నీ మార్చెయ్యమంటారా?"

పెద్దమ్మ ఒక ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. "మార్చెయ్యి నాయనా. వచ్చేవాళ్ళకి ముందు ఆ కంత చూపించు."

ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు.

సూపర్‌వైజర్ పంతానికి పోయాడు. వాచ్‌మన్‌ని కేకేశాడు, ఆఫీసు గుమాస్తాని పిలిచాడు, తనూ చొక్కా చేతులు మడిచాడు. ముగ్గురూ లారీ వెనక చేరారు. తోశారు. మొహాలు కందగడ్డలయ్యాయి. గుమాస్తాకి ఎక్కడో ఏదో పట్టేసింది. లారీ వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇంకొంచెం గట్టిగా సార్," డ్రైవర్ కిటికీలోంచి మర్యాదగా అన్నాడు.

హారన్ పక్కనుంచి లోపలికి చూసింది. హ్యాండ్ బ్రేకు పైదాకా లాగి ఉంది. డ్రైవర్ తిన్నగా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె కూడా గోడ వైపే తిరిగింది.

ఆయాసం తీర్చుకున్నాక సూపర్‌వైజర్ ఫోన్ తీశాడు. ఆఫీసర్ల కాలనీ లారీ ఉండే యార్డువాడితో చాలాసేపు "అవును సార్, లేదు సార్" అని, "మోటారు పంపిస్తున్నారు" అన్నాడు. "ఇక చాలా?"

"చాలదు. నిన్న మా చెల్లి ఎందుకు పడింది?"

అతను నేల చూశాడు. "బండి వల్ల."

"గట్టిగా."

"బండి వల్లే పడింది! ఆమె తప్పేం లేదు! కాలు బాగయ్యేదాకా ఆమె చోటు ఆమెదే. వినపడిందా అందరికీ?"

"వినపడింది," అన్నారు అందరూ. గుమాస్తా కూడా అన్నాడు, నడుము పట్టుకుని.

ఎండెక్కాక ఒకతను మోటారు సైకిల్ మీద గోనెసంచిలో దాన్ని తెచ్చాడు. చంటిపిల్లంత ఉంది. డ్రైవర్ బ్యాటరీ వైరు విప్పి, లారీ కిందికి దూరాడు. హారన్ పక్కనే గొంతుక్కూర్చుని పానాలు అందించింది.

"నేను ముందే చెప్పాల్సిందక్కా," కిందనుంచి అతని గొంతు వచ్చింది. "చెప్తే నా చేతిలో తాళం ఉండేదా?"

"చెప్పలేదు కాబట్టి దాని మోకాలు ఉందా?"

ఆ తర్వాత పానా తిరిగే చప్పుడు వచ్చింది. అదీ కాసేపే. రెండు బోల్టులు బిగించాడు. టేపు ఊడదీసి లావు వైరు తగిలించాడు. పక్కన ఒక సన్న వైరు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అయిపోయిందా?" అంది హారన్.

"అయిపోయిందక్కా."

ఎక్కి తాళం తిప్పాడు. లారీ గుర్రుమని ఒక్క పట్టున స్టార్ట్ అయింది. ఎవరూ తోయలేదు, ఎవరూ దేన్నీ గుద్దుకోలేదు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ డబ్బా మీంచి లేచి, "ఓసి దీని దుంపతెగ" అని ముద్దుగా బానెట్ మీద ఒక్కటి చరిచింది.

హారన్ ఆ చప్పుడు వింటూ నిలబడింది. రెండు బోల్టులు, రెండు వైర్లు. అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు. వానలో తోశారు. జ్వరాలతో తోశారు. కడుపుతో ఉన్నామె కూడా ఒక చెయ్యి వేసింది. చివరికి ఒక మోకాలు. ఇంతా చేసి దానికి కావలసింది ఇంతేనా? ఆమె వెళ్ళి లారీ టైరుని కాలితో ఫెడీమని తన్నింది. మళ్ళీ తన్నింది. వేళ్ళు నొప్పెట్టినా ఆగలేదు.

డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "స్టార్ట్ అయింది కదక్కా! ఇంకా కోపమేంటి?"

"స్టార్ట్ అయింది కాబట్టే రా," అంది హారన్.

తర్వాత చీపురు తీసుకుని, బురద వీపుతోనే లారీ ఎక్కి కూర్చుంది.