నల్లమూతి చెవి

సూర్యాపేటలో మేడమీది గది కిరాయికిచ్చేటప్పుడు రామనర్సయ్య ఒకే ఒక షరతు పెట్టాడు. ముగ్గురుంటారో నలుగురుంటారో మీ ఇష్టం, డబ్బు మాట మాత్రం ఒక్కరితోనే మాట్లాడతానన్నాడు. ముప్పయ్యేళ్లు రైసుమిల్లులో గుమాస్తాగా చేసిన మనిషి. ఫోన్లో వచ్చే పైసలంటే ఆయనకు నమ్మకం లేదు. నోట్లు చేతిలో పడాలి, ఆ వెంటనే నోటుబుక్కులో రాసుకోవాలి, అప్పుడే అది కిరాయి కింద లెక్క.

ఆ ఒక్కరు ఎవరంటే నిఖిత, సరిత ఇద్దరూ స్రవంతి వైపే వేలు చూపించారు. ముగ్గురూ డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నారు. స్రవంతిది తుంగతుర్తి దగ్గరి పల్లె, తండ్రి బీరన్న గొర్రెల కాపరి. డెబ్బై గొర్రెలను పొద్దున ఒకసారి, పొద్దుగూకేవేళ ఒకసారి లెక్కపెట్టే ఇంట్లో పుట్టినదానికి మూడు పదిహేను వందలు ఒక లెక్కా అని నిఖిత నవ్వింది. అప్పటినుంచి ఒకటో తారీఖు రాగానే ఇద్దరూ చెరి పదిహేను వందలు స్రవంతి ఫోనుకు కొట్టేవాళ్లు. ఆమె తన వాటా కలిపి, నోట్లుగా మార్చి, నలభై అయిదు వందలు కిందికి తీసుకెళ్లి ఇచ్చేది. ఏడాదిపాటు ఒక్క రూపాయి అటూ ఇటూ కాలేదు.

అక్టోబరులో మందకు నీలినాలుక రోగం తగిలింది. మూతులు వాచి, నురగలు కక్కుతూ గొర్రెలు మేత మానేశాయి. బీరన్న ఫోన్ చేసి, నీ దగ్గర ఏమన్నా ఉన్నాయా బిడ్డా అని మాత్రం అడిగాడు. ఆ మనిషి అలా నోరు తెరిచి అడగడం స్రవంతి పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆమె స్కాలర్‌షిప్పు ఇంకా పడలేదు. ఆ పొద్దున్నే నిఖిత, సరిత పంపిన మూడు వేలు మాత్రం ఫోన్లో ఉన్నాయి. వారంలో స్కాలర్‌షిప్పు పడుతుందిలే, పూడ్చేద్దాం అనుకుని మందుల దుకాణం నంబరుకు ఆ మూడు వేలూ కొట్టేసింది. స్కాలర్‌షిప్పు పైసలేనని తండ్రికి చెప్పింది. కిరాయి కట్టేశానని స్నేహితురాళ్లకు చెప్పింది. రేపిస్తా, ఎల్లుండిస్తా అని రామనర్సయ్యకు చెప్పింది. నవంబరులోనూ ఇదే కథ. మొదటిసారి చేసినప్పుడు ఆ పూట అన్నం సయించలేదు, రెండోసారి సయించింది. తప్పుతో వచ్చే చిక్కే అది, త్వరగా అలవాటవుతుంది.

స్కాలర్‌షిప్పు మాత్రం రాలేదు. నవంబరు చివరి శనివారం రామనర్సయ్య మెట్ల దగ్గర ఆమెను ఆపాడు.

"రేపు సాయంత్రం అయిదింటికి నేనే పైకొస్త బిడ్డా. ముగ్గుర్ని కూసోవెట్టి అడుగుత. తేలకపోతే సోమవారం తాళమేస్త."

సోమవారం నుంచే సెమిస్టరు పరీక్షలు. తాళం పడితే పుస్తకాలు, హాల్‌టికెట్లు అన్నీ లోపలే ఉంటాయి. అయినా స్రవంతి భయపడింది తాళం మాటకు కాదు, ముగ్గుర్నీ అన్న మాటకు. నిఖిత తండ్రి మత్తయ్య కోదాడలో హమాలీ, తల్లి అరుణ నడిగూడెంలో పత్తి ఏరే కూలీ. ఆ పదిహేను వందలు పంపడానికి వాళ్లింట్లో ఏం మానుకుంటున్నారో స్రవంతికి తెలుసు. తెలిసే తీసింది.

ఆమెకు మిగిలిన దారి ఒక్కటే. పదో తరగతి పాసైనప్పుడు నానమ్మ లింగమ్మ ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేర విడిచింది. నల్లమూతి అని పేరు పెట్టుకుని, ఎడమ చెవికి రెండు గాట్లు పెట్టించుకుంది. ఇప్పుడది ఏపుగా పెరిగిన గొర్రె. ఎట్లా అమ్మినా తొమ్మిది వేలు ఎక్కడికీ పోవు. అమ్మబోతే అడవి అంటారు గానీ, మిర్యాలగూడలో గొర్రెల బేరగాళ్లకు ఆదివారం కరువా?

వరికోతలు అయిపోయాక బీరన్న మందను తోలుకుని మిర్యాలగూడ వైపు వస్తాడు. కోసిన మళ్లలో రాత్రిపూట మంద పెడతాడు. గొర్రెల ఎరువు పడ్డందుకు రైతు రాత్రికింత అని ఇస్తాడు. ఈసారి మాడుగులపల్లిలో శంకరయ్య అనే రైతు పొలంలో ఉన్నాడు. ఆదివారం తెల్లవారగానే, ఇంటికి పోయొస్తానని చెప్పి స్రవంతి బస్సెక్కింది. పర్సులో నలభై రూపాయలున్నాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు పైసా తీసుకోకుండా జీరో టికెట్ ఇచ్చే బస్సులున్నాయి కాబట్టి సరిపోయింది.

కిటికీ పక్కన కూర్చుని పోతుంటే ఆమెకు ఒక పాడు ఆలోచన వచ్చింది. రామనర్సయ్యకు ఈమధ్య మతిమరుపు. మోటరు వేసి మరిచిపోతాడు. ట్యాంకు పొంగి మెట్లమీదుగా నీళ్లు పారితే, ఆయన భార్య ధనలక్ష్మి వీధంతా వినబడేలా కేకలేస్తుంది. గట్టిగా ఇచ్చాననేస్తే ఆయనే తికమక పడడా? ఆలోచన వచ్చినందుకు స్రవంతికి తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా మిర్యాలగూడలో దిగి, మాడుగులపల్లి బస్సు పట్టుకునేదాకా అది వదలలేదు.

ఆమె వెళ్లేసరికి బీరన్న గొంగడి పరుచుకుని గట్టుమీద కూర్చున్నాడు. కూతుర్ని చూడగానే లేచి నిలబడి, పక్కనున్న శంకరయ్యతో, గీమెనే మా బిడ్డ, పట్నంల ముగ్గురి పైసలకు గీమెనే పెద్ద అని గొప్పగా చెప్పాడు. స్రవంతికి తేలు కుట్టిన దొంగ పరిస్థితి అయింది. శంకరయ్య పొలంలోకి వెళ్లేదాకా ఆగి, మంద వైపు చూస్తూ, నల్లమూతిని అమ్మాలి నాయినా అంది.

బీరన్న లేచాడు. చెట్టుకు తగిలించిన సంచి దింపి, అడుగునుంచి ఒక చిన్న గుడ్డమూట తీశాడు. పసుపు, ఉప్పు పట్టించి ఎండబెట్టిన చెవి ముక్క ఒకటి ఆమె అరచేతిలో పెట్టాడు. దానికి రెండు గాట్లున్నాయి.

బీరన్న మందలో అన్నీ ఆయన గొర్రెలు కావు. డెబ్బైలో ఇరవై రెండు గొర్రెలు ఊళ్లోవాళ్లవి, పాలుకు, అంటే పుట్టే పిల్లల్లో వాటాకు మేపుతున్నవి. అలా మేపే గొర్రె చనిపోతే, గుర్తున్న చెవి కోసి తీసుకెళ్లి సొంతదారుకు చూపించాలి. దాన్ని అమ్ముకుని, చచ్చిందని అబద్ధం చెప్పడం లేదనడానికి అదే సాక్ష్యం. వానొచ్చినా వరదొచ్చినా బీరన్న ఎవరి చెవి వాళ్లకు చూపించకుండా ఉండలేదు. సొంత కూతురికీ అదే న్యాయం.

"ఫోన్ల చెప్పేది కాదు బిడ్డా ఇది. చేతిల పెట్టి చెప్పాలె. నువ్వు పంపిన మందు ముందుగాల ఊరోళ్ల గొర్రెలకు ఏసిన. మనవాటి కాడికి వచ్చేసరికి అయిపోయింది. నీది బతకలే, నెలాయె."

స్రవంతి ఆ ముక్కను పట్టుకుని గట్టుమీద కూలబడింది. గొర్రె పోయినందుకు ఏడ్చిందో, తొమ్మిది వేలు పోయినందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఏడుపు మధ్యలోనే అన్నీ బయటపడ్డాయి. ఆ పైసలు స్కాలర్‌షిప్పువి కావని, స్నేహితురాళ్లవని, ఇల్లాయన సాయంత్రం వస్తానన్నాడని చెప్పేసింది.

బీరన్న మొహం నల్లబడింది. కొడతాడేమో అనుకుంది. కొట్టినా బాగుండేది. ఆయన మంద వైపు తిరిగాడు. ఊరోళ్ల గొర్రెల్ని న్యాయంగా కాపాడానని ఆ మనిషికి నెలరోజులుగా ఉన్న తృప్తి కాస్తా ఇంకో ఇద్దరు ఆడపిల్లల డబ్బుతో కొన్నదని ఇప్పుడు తేలింది. చివరికి, ఆ పిల్లల తల్లిదండ్రులు ఏం చేస్తారని అడిగాడు. నిఖిత తండ్రి హమాలీ, తల్లి పత్తి కూలీ అని చెప్పింది.

"మంగళవారం బేరగాడొస్తడు. రోగంతోని చిక్కినయి, ఒక్కదానికి అంత రాదు, రెండు గొర్రెలమ్మి పైసలు తెచ్చిస్త. పైసలు ఆగుతయి బిడ్డా. చెవి ఆగది. ఇంకొకడు పోయి చెప్పినంక మనం చెవి తీస్కపోతే, అది దొంగ చెవి అయితది. ఇయ్యాలే పో."

అన్నం తినమని కూడా అనలేదు. మిర్యాలగూడ బస్టాండులో రెండు బస్సులు కిక్కిరిసి ఆపకుండానే పోయాయి. మూడోది దొరికేసరికి మూడున్నర దాటింది. ఫోన్లో చెప్పేద్దామా అని నిఖిత నంబరు రెండుసార్లు తీసి, రెండుసార్లూ మూసేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా దారిలో వడ్ల ట్రాక్టర్లు అడ్డం. సూర్యాపేటలో దిగేసరికి అయిదుంబావు. ఆటోకు ఆ నలభై రూపాయలు చాలక పరుగులాంటి నడకతో వెళ్లింది.

కింద వరండాలో రామనర్సయ్య చెప్పులు లేవు. పైన గది గుమ్మం ముందున్నాయి.

స్రవంతి మెట్లెక్కుతుంటేనే నిఖిత గొంతు వినబడింది. పొద్దున చర్చికి కట్టుకున్న బట్టలతోనే ఉంది, మొహం ఎర్రగా కందిపోయింది.

"తాతగారూ, మేం ఒకటో తారీఖునే ఇచ్చేశాం. స్రవంతి ఆరోజే మీ చేతికిచ్చింది. మీరే రాసుకోవడం మర్చిపోయుంటారు. మొన్న మోటారు మర్చిపోలేదా? మా స్రవంతి అలాంటిది కాదు."

రామనర్సయ్య కుర్చీ అంచున కూర్చుని నోటుబుక్కు తిప్పుతున్నాడు. తిప్పిన పేజీనే మళ్లీ తిప్పుతున్నాడు. నిన్న మెట్ల దగ్గర తాళం వేస్తానన్న మనిషి కాదు. ఎవరో చెయ్యి విడిచేస్తే సంతలో తప్పిపోయిన ముసలివాడిలా ఉన్నాడు. సరిత జాలిపడి మంచినీళ్లిచ్చింది. స్రవంతిని చూడగానే ఆయన లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"నువ్వే చెప్పు బిడ్డా. ఇచ్చినవా? ఇచ్చినవంటే ఇచ్చినట్టే. నాకే యాది ఉంటలేదేమో."

స్రవంతి గుమ్మంలోనే ఆగింది. ఒక్క మాట చాలు. ఇచ్చాను తాతా అంటే తొమ్మిది వేల అప్పు అక్కడే ఖతం. గది ఉంటుంది, పరీక్షలుంటాయి, నిఖిత ఉంటుంది. బస్సులో ఆమె ఊహించుకుని అసహ్యించుకున్నది ఇప్పుడు అడక్కుండానే కాళ్ల దగ్గరికి వచ్చింది. పైగా దాన్ని తెచ్చి ఇస్తున్నది, ఎవరి డబ్బు తిన్నదో ఆ నిఖితే. నిఖిత ఆమె వైపు తిరిగి, చెప్పవే అన్నట్టు తల ఊపింది కూడా.

పర్సు పట్టుకున్న చేతికి, లోపల చెవి చుట్టిన గుడ్డమూట తగులుతూనే ఉంది.

"ఇయ్యలే తాతా," అంది స్రవంతి. "మీరేం మరిచిపోలే. రెండు నెలలది నేను ఇయ్యలే. నిఖితవి, సరితవి ఆరు వేలు మా నాయిన గొర్రెల మందులకు పంపిన. వీళ్లకు కట్టిన్నని అబద్ధం చెప్పిన."

ఫోన్ తీసి మందుల దుకాణానికి రెండుసార్లు కొట్టిన మూడేసి వేల లెక్కలూ తెరిచి నిఖిత ముందు పెట్టింది. పక్కన చెవి ముక్క పెట్టి, అదేమిటో, తండ్రి ఏమన్నాడో చెప్పింది. మంగళవారం డబ్బు వస్తుందని చెప్పింది. ఇంకేమీ చెప్పుకోలేదు.

ముందుగా లేచింది రామనర్సయ్య. తిడతాడని ముగ్గురూ అనుకున్నారు. ఆయన కళ్లద్దాలు తీసి, కండువాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నెల నుంచి మా ఇంటామెను రోజూ అడుగుతున్న," అన్నాడు. "పాపం ఆ పిల్ల రేపిస్తనని ఆనక ఇచ్చిందేమో, నేనే ఎక్కడన్న పెట్టి మరిచిన్ననేమో అని. బీరువా అంత రెండుసార్లు దులిపిన. మతి పోతున్నదని భయమై నిద్ర లేదు బిడ్డా నాకు."

స్రవంతి తల ఎత్తలేకపోయింది. రెండు నెలలుగా ఆమె నిఖితనూ సరితనూ తలుచుకుని కుమిలింది గానీ, కింద ఒక ముసలాయన తన అబద్ధం వల్ల తన బుర్రనే అనుమానించుకుంటున్నాడని ఆమెకు తట్టనేలేదు. ఆయన గుమ్మం దగ్గర ఆగి, బుధవారం దాకా చూస్తానని, ఇకనుంచి ఎవరి కిరాయి వాళ్లే తెచ్చి, ఎవరి పేరు పక్కన వాళ్లే సంతకం పెట్టాలని చెప్పి మెట్లు దిగాడు. ఆ సంతకాల పుస్తకం ఇప్పటికీ ఉంది.

నిఖిత ఫోన్‌ను స్రవంతి వైపు తోసింది. చెవి ముక్కను మాత్రం వేలితో తిప్పి, రెండు గాట్లనూ చూసింది.

"మీ నాన్నకి ఇది తీసి నీ చేతిలో పెట్టడానికి ఎన్ని రోజులు పట్టింది?"

"నెల," అంది స్రవంతి.

"నీకు రెండు," అని నిఖిత లేచింది.

ఆ పూట వంట వంతు నిఖితది. ఎవరి వంతు అయితే వాళ్లు ముగ్గురికీ మూడు గ్లాసుల బియ్యం కొలిచి పోయడం ఆ గది పద్ధతి. నిఖిత రెండు గ్లాసులే కొలిచి, నీళ్లు పోసి, గ్లాసును బియ్యం డబ్బామీద పెట్టేసి, పుస్తకం తీసుకుని డాబామీదికి వెళ్లింది. సరిత అటూ ఇటూ చూసింది గానీ గ్లాసు ముట్టలేదు.

కాసేపయ్యాక స్రవంతి లేచి, తన గ్లాసు తానే కొలిచి గిన్నెలో పోసింది. ఆమె పొయ్యి వెలిగిస్తుంటే నిఖిత లోపలికి వచ్చింది. గిన్నెలోకి చూసింది. ఏమీ అనకుండా ఇంకో గ్లాసుకు సరిపడా నీళ్లు పోసి మూత పెట్టింది.