డ్రయ్యరు కింది ట్రాపు

బుడే సాహెబ్ ఇనుప కడ్డీ ఒక కొసను ట్రాపు మూత మీద ఆనించి, రెండో కొసను కుడిచెవి ముందున్న ఎముకకు నొక్కిపెట్టి కళ్ళు మూసుకున్నాడు. వెనకాల ఊక ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. లారీలోంచి బస్తాలు దింపుతున్న హమాలీలు ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు. ఆ రొదనంతా పక్కకు నెట్టి, కడ్డీ వెంట లోపలికి దిగాలి.

రేపల్లె నుంచి నగరం అనే ఊరికి వెళ్ళే దారిలో ఉన్న ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో ఎటు చూసినా ఆవిరి గొట్టాలే. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి దారిలో చల్లబడితే నీళ్ళవుతుంది. ఆ నీళ్ళను బయటికి వదిలి, ఆవిరిని మాత్రం లోపలే ఆపే పిడికిలంత ఇనుప ముక్క ట్రాపు. లోపలి బిళ్ళ లేచి నీళ్ళు వదిలి, మళ్ళీ టిక్కుమని కూర్చుంటుంది. టిక్కుమంటుంటే బాగున్నట్టు. ఆగకుండా బుసకొడుతుంటే ఆవిరి పారిపోతున్నట్టు. ఏమీ అనకపోతే నీళ్ళు గొట్టంలోనే పేరుకుంటున్నట్టు. అలా పేరుకున్న నీళ్ళను వెనకనుంచి ఆవిరి తోసుకుంటూ వచ్చి మలుపు దగ్గర కొట్టిందంటే, ఎంత మందపు ఇనుమైనా ఆగదు.

టిక్. కాసేపాగి మళ్ళీ టిక్.

ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు కింది ట్రాపు మీద, బాగుందని సుద్దముక్కతో గీత గీసి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

సన్నటి మనిషి. ముంజేతుల మీద ఎప్పుడో కాలిన మచ్చలు గవ్వల్లా తెల్లగా మెరుస్తుంటాయి. మొదట ఈ మిల్లులో ఊక మోయడానికి చేరాడు. భోజనాల వేళ గొట్టాల పక్కన వెచ్చగా పడుకునేవాడు. అలా పడుకునే వాటి చప్పుళ్ళు నేర్చాడు. అప్పట్నుంచీ తెనాలిలో పొద్దున రైలెక్కడం, సాయంత్రం అదే రైల్లో తిరిగి వెళ్ళడం. ఎవరూ అతన్ని పెద్దగా పట్టించుకోరు. గొట్టాలు సవ్యంగా ఉన్నన్నాళ్ళూ పట్టించుకోవాల్సిన పనీ లేదు.

ఈమధ్య ఇంట్లో భార్య సైదాబీ వంటగదిలోంచి పిలిస్తే పలకడం లేదు. ఆవిడే వచ్చి భుజం తట్టి, "ఏంటండీ, ఎన్నిసార్లు పిలవాలి?" అంటే, "ఏదో ఆలోచనలో ఉన్నాలే" అని దాటేసేవాడు. ఆవిడ నమ్మినట్టే ఊరుకునేది.

ఎండెక్కాక డ్రయ్యర్‌కి ఆవిరి పెంచారు. ఉడికించిన ధాన్యం తొట్లలో పొగలు కక్కుతోంది. వెంటనే ఆరబెట్టకపోతే పులిసి కంపు కొడుతుంది. డ్రయ్యరు పక్కన రాలిన గింజలు ఊడుస్తున్న ప్రేమకుమారి ఉన్నట్టుండి చీపురు ఆపి తలెత్తింది.

"బాబాయ్, గొట్టంలో ఎవరో సుత్తేసి కొడతన్నట్టుంది. ఏంటది?"

బుడే సాహెబ్ తల పక్కకు వంచాడు. ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు.

"ఏం కొట్టడంలేదే."

"అయ్యో, అంత గట్టిగా వినపడతంటే!"

గొట్టాన్ని మోస్తున్న ఇనుప స్తంభం మీద అరచెయ్యి ఆనించాడు. దెబ్బ నేరుగా చేతిలోకి దిగింది. ఒకటి. ఇంకోటి.

"అమ్మాయ్, నువ్వు బయటికి పో. అందర్నీ తీసుకుపో!"

ఆమె కింద పెట్టి వెళ్ళిన నీళ్ళ సీసా మూత తీసి, వంగి, డ్రయ్యరు కింది ట్రాపు మీద నాలుగు చుక్కలు చల్లాడు. వేడెక్కిన ట్రాపయితే నీళ్ళు చుర్రుమని ఎగిరిపోవాలి. చుక్కలు ఇనుము మీద అలాగే కూర్చుని, మెల్లగా కిందికి జారాయి. పక్కనే అతను పొద్దున గీసిన సుద్ద గీత.

లేచి బాయిలర్ వైపు పరిగెత్తాడు. అక్కడ బాయిలర్ చూసుకునే కోటిబాబు వాల్వు చక్రం మీద చెయ్యేసి ఉన్నాడు.

"డ్రయ్యర్ వేడెక్కట్లేదు బాబాయ్, ఇంకాస్త తెరుస్తన్నా!"

"తెరవమాకు!"

"ధాన్యం పులిసిపోద్ది. ఓనరుగారు నన్ను బతకనిస్తాడా?"

"లైన్లో నీళ్ళున్నయిరా! మెల్లిగా ముయ్యి. ఒక్కసారే తిప్పమాకు, మెల్లిగా."

కోటిబాబు అతని ముఖం చూశాడు. ఇద్దరి చేతులూ చక్రం మీద పడ్డాయి. కొద్దికొద్దిగా తిప్పుతున్నారు. దెబ్బలు ఇప్పుడు కాళ్ళ కింద నేలలోంచి తెలుస్తున్నాయి. చక్రం ఇంకా పూర్తిగా బిగుసుకోకముందే డ్రయ్యరు వైపు ఫెళ్ళుమంది. ఆ చప్పుడు మాత్రం బుడే సాహెబ్‌కీ వినపడింది.

మలుపు దగ్గర గొట్టం అతుకులోని వాషర్ తెగి మరిగే నీళ్ళు గోడదాకా చిమ్మాయి. తెల్లటి ఆవిరి షెడ్డునంతా కమ్మేసింది. అది విడిపోయాక చూస్తే, ప్రేమకుమారి ఊడ్చిన చోటంతా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఆమె బయట కళ్ళం మీద, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. హమాలీలూ అక్కడే ఉన్నారు. ఒంటికి చిన్న బొబ్బయినా లేకుండా అందరూ ఉన్నారు. బుడే సాహెబ్ ఒక్కొక్కరినీ చూసుకుని, తిరిగి మళ్ళీ చూసుకున్నాడు.

గొట్టం చల్లారాక ట్రాపు మూత విప్పాడు. తుప్పు పెచ్చు అడ్డంపడి బిళ్ళ అతుక్కుపోయి ఉంది. ఎప్పటినుంచో, పొద్దున అతను కడ్డీ ఆనించకముందు నుంచే. అతుకులో కొత్త వాషర్ వేసి, ట్రాపు మార్చి, గొట్టంలో నీళ్ళన్నీ వదిలేశాక ఆవిరిని కొంచెం కొంచెంగా రానిచ్చారు. ఒక తొట్టి ధాన్యం పులిసిపోయింది.

సాయంత్రం ఓనరు రంగనాయకులు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"రేపట్నుంచి రానండి."

"తొట్టి గురించేనా? పోతే పోయిందిలేవయ్యా. ఇంత ప్రమాదం తప్పించావు."

"నేనే తెచ్చానండి అది. చెవులు పోయినయండి నాకు."

రంగనాయకులు గొంతు పెంచి అన్నాడు. "వినపడకపోతే ఏంటయ్యా, కోటిబాబు ఉన్నాడుగా. నువ్వు పక్కన కూర్చుని చెప్పు."

"వినపడకపోతే బాధ లేదండి. నీళ్ళు చల్లైనా చూసుకునేవాణ్ణి." బుడే సాహెబ్ కుడిచెవి ముందున్న ఎముకను వేలితో తాకాడు. "పొద్దున నాకు వినపడిందండి. టిక్కుమని, ఎప్పట్లాగే వినపడింది. లోపల బిళ్ళ కదల్లేదు గానీ, నాకు వినపడింది."



బయటికొచ్చి, ఒకసారి డ్రయ్యరు దాకా వెళ్ళొచ్చి చేతులు కడుక్కుంటుంటే ప్రేమకుమారి ఎదురొచ్చి ఏదో అడిగింది. పెదాల కదలిక చూసి, రైలుకేనా అని అడిగి ఉంటుందనుకున్నాడు.

"ఆఁ, వెళ్ళొస్తానమ్మా," అన్నాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇంటికి వెళ్ళగానే సైదాబీతో ఏ మాటతో మొదలుపెట్టాలా అని తెనాలి దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున కోటిబాబు డ్రయ్యర్ దగ్గరికి వచ్చేసరికి, కొత్త ట్రాపు పక్కన స్తంభానికి కట్టుతీగతో ఒక ప్లాస్టిక్ మగ్గు వేలాడుతోంది. దాన్నిండా నీళ్ళు, నీళ్ళ మీద తేలుతూ ఒక ఊక పొట్టు.