బాగా రావాలి

చేతుల వణుకును పసిగట్టే పల్చటి సెన్సర్ పొరను, తాను తయారుచేసినదాన్ని, కోడలు ప్రయోగశాలలో అత్తగారి మణికట్టుకు అంటించింది. ఆవిడకు చాలాకాలంగా చేతులు వణుకుతాయి.

"రీడింగ్ బాగా రావాలత్తయ్యా, ఇన్నాళ్ల కష్టం!"

బాగా రావడమంటే వణక్కపోవడమనుకుని, ఆవిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. తెర మీద గీత కదల్లేదు. కోడలి మొహం వాడిపోయింది.

"ఈ పొర పనికిరాదు. కథ మళ్లీ మొదటికొచ్చింది" అంటూ దాన్ని పీకబోయింది.

అత్తగారు రెండో చేత్తో ఆమెను ఆపింది. "ఆగవే తల్లీ! తప్పు దానిది కాదు, నాది. నీకు మంచి పేరు రావాలని చెయ్యి బిగబట్టాను."

"అయ్యో, మీ వణుకేనండీ నాకు పేరు తెచ్చేది!"

ఆవిడ తలెత్తలేక, పట్టు వదిలేసి చెయ్యి చాచింది. సిగ్గుకో ఏమో, గీత ఎగిరెగిరి పడింది.