గుండీ సీను

“నీ కథను సినిమా తీశారంటే వాళ్లకు కథలు కరువై ఉండాలి,” అన్నాడు భర్త, చొక్కా కోసం చెయ్యి చాపుతూ. ఆమె కాలరు మీద చివరిసారి ఇస్త్రీపెట్టె నడిపి చొక్కా అందించింది. సినిమా ఆ రోజే విడుదల. అత్తగారితో సహా ముగ్గురూ మ్యాట్నీకి బయల్దేరారు.

ఆ నవలను ఆమె రెండేళ్లపాటు వంటింటి గట్టు మీదే రాసింది. స్కూల్లో పాఠాలు చెప్పొచ్చి, అందరికీ వడ్డించి, కుక్కరు కూతకూ కూతకూ మధ్య దొరికిన నిమిషాల్లో. వారపత్రికలో వస్తున్నప్పుడు అత్తగారు దిండు కింద దాచుకుని మరీ చదివేది. భర్త ఒక్క పేజీ తిప్పలేదు. ఇప్పుడు నిర్మాత మూడు నెలల్లో ఇంకో నవల కావాలంటున్నాడు. ఇంట్లో అడిగి చెబుతానంది ఆమె. అడిగితే భర్త, మరి వంటెవరు చేస్తారన్నాడు. మాట అక్కడే ఆగిపోయింది.

సినిమా మొదలైన పావుగంటకే ఆమెకు నవ్వాగలేదు. తను రాసిన హీరోయిన్, పోస్టాఫీసు గుమాస్తా, గుర్రమెక్కి వచ్చింది. నాలుగు పాటలు పాడి, మూడింట్లో నిలువునా తడిసింది. తను రాయని కవల చెల్లెలొకతె ఎక్కడినుంచో ఊడిపడింది. బాధపడాలేమో అనుకుంది గానీ, కన్నకూతురు వేషం కట్టి గెంతుతుంటే చూసినట్టు ముచ్చటేసింది.

ఒక్క సీను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచారు. జ్వరంతో మూలుగుతున్న భార్య పక్కన చొక్కా పడేసి మొగుడంటాడు, “ఊరికే పడుకునే ఉన్నావుగా, ఈ గుండీ కుట్టిపెట్టు.”

హాలంతా గోల. వీడికసలు చొక్కాయే ఇవ్వకూడదంది ముందు వరసలో ఒకావిడ. అందరికంటే పెద్దగా నవ్వింది పక్కనే కూర్చున్న తన భర్తే. “ఎంత దద్దమ్మ వీడు! ఎక్కడ దొరికాడే నీకు?” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

జవాబు అత్తగారు చెప్పింది. “నాలుగేళ్ల కిందట నువ్వన్న మాటేరా అది. పక్కగదిలో ఉండి విన్నాను.”

అతని నవ్వు ఆగింది. చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా గుండీల మీదికి పోయింది.

ఇంటర్వెల్ లైట్లు వెలగగానే ఆమె ఫోన్ తీసి, నవల రాసిస్తానని నిర్మాతకు చెప్పేసింది. భర్త అంతా విన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు, “దాంట్లో కూడా నేనుంటానా?”

“రేపటినుంచి వంటింట్లో మీరు, బల్ల దగ్గర నేను,” అంది ఆమె. “మీరేం మాట్లాడతారో విని రాస్తాను.”