బాగుంది అనకూడని గది

ఆ గదిలో "బాగుంది" అనే మాట నిషేధం. నోరు జారి బూతుమాట అన్నా టీచరమ్మ కళ్ళెర్రజేసి ఊరుకునేదేమో గానీ, పాట విని "బాగుంది టీచర్" అన్నవాడి పని మాత్రం అయిపోయినట్టే.

సంగీతం నేర్పే క్లాసేగానీ, పాడడం కాదు సుమండీ, వినడం నేర్పే క్లాసు. ఆవిడ ఒక పాట పెట్టేది. గొంతు ఎక్కడ సాగింది, వాయిద్యం ఎక్కడ పక్కకి తప్పుకుంది, పాడినవాళ్ళు ఎందుకలా చేసుంటారు, అని పిల్లలు తలలు బద్దలు కొట్టుకోవాలి. తిట్టమంటే అందరూ సిద్ధమే, పొగడమన్నా సిద్ధమే. ఎందుకో చెప్పమంటేనే నాలుకలు మడతపడేవి. అన్నిటికీ "సూపర్" అనే ఒకబ్బాయికి చివరికి ఆ పేరే ఖాయమైపోయింది.

ఇక టీచరమ్మ వాళ్ళాయనది కళ్ళజోళ్ళ దుకాణం. "ఈ అద్దం బాగుందా, ఇదా?" అని పొద్దస్తమానం అడగడమే ఆయన పని. మహా నెమ్మదస్తుడు. పాటలంటే మాత్రం చెవి కోసుకుంటాడు. రోజూ గడ్డం గీసుకుంటూ మబ్బుల మీద ఒక పాత పాట ఎత్తుకునేవాడు. వంటింట్లోంచి ఆవిడ "బాగుందండీ!" అనేసి తన పనిలో తను పడేది. పెళ్ళయిన నాటి నుంచీ అదే పాట, అదే మాట.

ఇంతలో కళ్ళజోళ్ళ వర్తకుల సంఘం వాళ్ళు, ఆదివారం సభలో ఒక పాట పాడమని ఆయన్ని అడిగారు. వేదికెక్కడం అదే మొదటిసారి. ఎగిరి గంతేశాడు, ఆ వెంటనే నీరుగారిపోయాడు.

"పాడనా, మానేయనా? నువ్వే చెప్పు. నీకన్నా బాగా నా పాట ఎవరు విన్నారు?" అని ఆ పొద్దున భార్యనే అడిగాడు.

"పాడండి, బాగుంటుంది," అంది ఆవిడ చెప్పులేసుకుంటూ. ఆ హడావుడిలో కళ్ళజోడు బల్లమీదే మర్చిపోయింది.

కళ్ళజోళ్ళాయన పెళ్ళాం కళ్ళజోడు లేకుండా తిరిగితే దుకాణం పరువేం కాను! ఆయన దాన్ని పట్టుకుని క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపల సూపర్ గారికి తలంటు జరుగుతోంది.

"బాగుందా? ఏం బాగుంది? ఎక్కడ బాగుంది? బాగుంది అంటే అర్థమేమిటో తెలుసా? వినలేదని!"

"అంటే... ఇన్నేళ్ళూ?" అన్నాడు గుమ్మంలోంచి ఆయన.

టీచరమ్మ గిర్రున గుమ్మం వైపు తిరిగింది.

"మా దుకాణంలోనూ అంతేలే," అని నవ్వబోయాడు ఆయన. "అద్దం పెట్టీ పెట్టకముందే బాగుందనేవాళ్ళు వారం తిరక్కుండా తలనొప్పంటూ వస్తారు. ఇదిగో నీ కళ్ళజోడు. సంఘం వాళ్ళకి పాడనని చెప్పేస్తాలే."

కాదండీ, నేను విన్నాను అనబోయింది ఆవిడ. ఆ పాట వరస గుర్తుంది, మాటలు గుర్తున్నాయి, ఎంత తన్నుకున్నా ఆయన గొంతు మాత్రం గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆగండి సార్!" అని ముందు బెంచీ అమ్మాయి లేచింది. ఆ అమ్మాయిని అందరూ పిడుగు అంటారు. "ఇవాళ్టి రెండో పాట ఇంకా పెట్టలేదు. మీరు పాడండి, మేం వింటాం."

బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మోకాలి మీద తాళం వేసుకుంటూ పాడాడు.

"సూ..." అని నాలుక్కరుచుకున్నాడు సూపర్. "సార్, పైకి వెళ్ళేముందు ఊపిరి తీసుకోలేదు. అందుకే గొంతు సన్నబడింది. కానీ సరిగ్గా మబ్బు విడిపోయే చోటే సన్నబడింది. అందుకని నాకు నచ్చింది!" చెప్పేసి తనే ఆశ్చర్యపోయాడు.

"మూడో పాదం అవగానే ఆగిపోయారు. తాళం కూడా ఆపేశారు," అంది పిడుగు. "ఊపిరి కోసం కాదు, అది ముందే తీసుకున్నారు. తల కొంచెం పక్కకి తిప్పారు కూడా. ఎందుకు సార్?"

"ఆగానా? నేనా?" ఆయన లోలోపలే మళ్ళీ పాడుకున్నాడు. ఆ చోటికి రాగానే వేళ్ళు మోకాలి మీదే నిలిచిపోయాయి. చెవులు ఎర్రబడ్డాయి. "ఓ, అదా... అక్కడ మీ టీచర్ 'బాగుందండీ' అంటుంది. అది విన్నాకే నాలుగో పాదం ఎత్తుకోవడం అలవాటైపోయింది."

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మకి మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. తను గాలికి విసిరేసిన మాట కోసం ఆ పిచ్చి మనిషి పాటలో చోటుంచాడు.

కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. "ఇంకోసారి పాడండి."

ఆయన పాడాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. మూడో పాదం అయింది. ఆయన ఆగాడు.

"రెండో పాదంలో శ్రుతి దిగింది," అంది ఆవిడ. "వాన అన్న మాట దగ్గర."

ఆయన మొహం చాటంతయింది. "విన్నావే!" అన్నాడు. "అయితే ఆదివారం పాడొచ్చంటావా?"

"అది దిద్దుకుంటే పాడొచ్చు. ముందు నాలుగో పాదం కానివ్వండి. అది నేనెప్పుడూ వినలేదు."

"ఎప్పుడూనా?"

"బాగుందండీ అనేసి మిక్సీ వేసేదాన్ని."

ఆయన గొంతు సవరించుకుని నాలుగో పాదం ఎత్తుకున్నాడు.