ఎర్రదారం బటన్

పొద్దున్నే లిఫ్టు బటన్ నొక్కి ఫ్యాక్టరీ మూడో అంతస్తుకెళ్తే గుడ్డ కత్తిరించే కోత యంత్రాలు. ఒక్కోదానికి ఆన్ బటన్, ఆఫ్ బటన్, ప్రాణం మీదికొస్తే నొక్కడానికి ఎర్ర బటన్. పక్క గదిలో అక్క రోజంతా చొక్కాలకి బటన్లు కుడుతుంది. మామూలు దారంతో కుట్టినవి మామూలుగానే ఉంటాయి. ఎర్రదారంతో కుట్టినవి నొక్కితే మనిషి ఆగిపోతాడు. కుట్టేటప్పుడు అక్క ఎవరిని తలుచుకుంటే వాళ్ళొచ్చి తిప్పితేనే మళ్ళీ కదులుతాడు.

"మా ఆయన చొక్కాకీ ఒకటి కుట్టిపెట్టవే, నన్నే తలుచుకో," అనేది పక్కింటి వదిన. "ఆ గురక వినలేక చస్తున్నా."

కోత యంత్రం మీద అక్క సొంత చెల్లెలు పనిచేసేది. మాటిమాటికీ ఆపేస్తున్నారని మేనేజరు ఎర్ర బటన్ వెనక వైర్లు పీకించాడు. చెయ్యి ఇరుక్కున్న రోజు చెల్లెలు ఎడంచేత్తో ఏడుసార్లు నొక్కింది. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. "కార్మికురాలి నిర్లక్ష్యం" అని రాసి, ఆమెని పనిలోంచి తీసేశాడు మేనేజరు.

ఏడాది తిరక్కుండానే ఫ్యాక్టరీకి భద్రతా బహుమతి వచ్చింది. సభ రోజు మేనేజరు కోటు బటన్ ఊడింది. కుట్టించమని అక్క గదికి పంపించాడు. కుట్టే చేతుల వెనకున్న ముఖాల్ని ఆయన ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. అక్క ఎర్రదారం తీసింది.

వేదిక మీద బటన్ నొక్కి కోటు బిగించుకుని, "భద్రతే మా ఊ..." అంటూ ఆగిపోయాడు మేనేజరు. నోరు తెరిచే ఉంది. యజమాని పరుగున వచ్చి, ఎర్రదారం చూసి బటన్ తిప్పాడు. కదల్లేదు.

"మా చెల్లి రావాలి సార్," అంది అక్క.

కారు పంపారు. చెల్లెలు వేదికెక్కింది.

"ఆ నిర్లక్ష్యం కాగితం ఇప్పుడే చింపేస్తానమ్మా," అన్నాడు యజమాని.

"చింపొద్దు. తిరగరాసి, మైకులో చదవండి."

వైర్లు పీకించింది మేనేజరని, ఆ పిల్ల తప్పేం లేదని చదివాడు యజమాని. హాలంతా విన్నది. కొయ్యబారిన మేనేజరూ విన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెల్లెలు కుడిచెయ్యి చాపింది. రెండు వేళ్ళ మధ్య బటన్ జారింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది.

"తిరగట్లేదు సార్," అంది నెమ్మదిగా. "పట్టు చాలట్లేదు."

ఆమె ఎడంచెయ్యి జేబులోనే ఉంది. అందరూ దానివంకే చూశారు. బయటికి తియ్యమని అడిగే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.