పట్టు వదిలిన పట్టుదారం

"అవును సార్, మొన్న యాసిడ్ పడంగనే జెల్ అయ్యింది!"

పొద్దున్నే జగదీశ్ ఫోన్లో తన పీహెచ్‌డీ గైడుతో అరిచిన అరుపు, మగ్గం చప్పుడు దాటుకుని తల్లి నాగేంద్రమ్మ చెవికి చేరేసరికి జెల్ కాస్తా జైలైంది. కొడుకు ఎవరిమీదో యాసిడ్ పోశాడనుకుని ఆమె మగ్గం ఆపేసింది.

కొడుకేమో గద్వాలలో కెమిస్ట్రీ లెక్చరర్. హైదరాబాదులో పీహెచ్‌డీ వెలగబెడుతున్నాడు. రేపే అక్కడి ఎక్స్‌రే యంత్రం దగ్గర అతని వంతు. ఇది తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే.

లిథియం ఉప్పును ఇసుక వంశపు ద్రవంతో కలిపితే జున్నులా గడ్డకడుతుంది, అదే జెల్. దాన్ని ఎండబెట్టి కాలిస్తే తెల్లని పొడి. పొడి లోపలి అణువులు పడుగు దారాల్లా వరుస తీరితే స్ఫటికం. ఏ ఆమ్లం కలిపితే ఆ వరుస ఎలా మారుతుందన్నదే జగదీశ్ తేల్చాల్సిన సంగతి. ఒక గిన్నెలో నిమ్మ ఉప్పు అనే సిట్రికామ్లం, ఒకదానిలో నత్రికామ్లం వేశాడు, మూడోదాన్ని ఉత్తదిగా వదిలాడు.

మధ్యాహ్నం కాలేజీలో కొలిమి తలుపు తెరిచి గిన్నెలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. గిన్నెలున్నాయి, పొడులున్నాయి, గుర్తుల్లేవు! మగ్గాల ఇంట పుట్టినవాడు కదా, రంగు దారాల లచ్చులకు కట్టినట్టే గిన్నెలకూ తలో రంగు పట్టుదారం కట్టాడు. ఎనిమిదివందల డిగ్రీల వేడికి పట్టు కాస్తా పట్టు వదిలేసింది. నిమ్మ ఉప్పుది పొంగి బొరుగుల్లా గుల్లబారింది కాబట్టి తెలిసిపోయింది. మిగతా రెండూ కవలపిల్లలే.

ఇంటికొచ్చి పంచలో అటూ ఇటూ తిరుగుతుంటే, నాగేంద్రమ్మ కబురంపిన పక్క మగ్గం వెంకటన్న ఎదురయ్యాడు.

"నిజం చెప్పు తమ్మీ, యాసిడ్ ఎవరి మీద పడ్డది?"

"రెండింట్ల పడ్డదన్నా. మూడోదాన్ని ముట్టలే. ఏది ఏదో నాకే తెల్వదు!"

నాగేంద్రమ్మ గోడకు చేరగిలబడింది.

"గుర్తుపట్టరాకుండ అయినయా?" అన్నాడు వెంకటన్న.

"ఏం గుర్తన్నా! కాలి పొడైనయ్."

"అమరచింతల నాకు తెలిసిన వకీలున్నడు," అంటూ వెంకటన్న చెప్పులు వెతుక్కున్నాడు.

అసలు సంగతి తెలిసిన జగదీశ్ భార్య మాలతి గొంతు తగ్గించింది. "గీ రెండింట్ల ఏదో ఒకదాని మీద యాసిడ్ అని రాసెయ్యిరాదు? ఎవరికి తెలుస్తది?"

జగదీశ్ ఫోన్ ఎత్తాడు, పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు. ఎక్స్‌రేలో ఏ పొడి బాగా వరుస తీరి కనిపిస్తే దాన్నే ఆమ్లం మహిమ అనొచ్చు. కానీ అప్పుడు ఆ మాట చెప్పేది పొడి కాదు, జగదీశ్. గైడు నంబరు తిప్పాడు.

"సార్, రేపటి వంతు వేరేటోళ్ళకు ఇయ్యుండ్రి. గుర్తుకు దారాలు కట్టిన సార్, కాలిపోయినయ్. మళ్ళ జెల్ పోస్త."

అవతలి నుంచి ఇల్లంతా వినిపించేంత నవ్వు. "దారాలేందయ్యా! ఇనుప మేకుతో గిన్నె అడుగున గీసుకో. ఆ తుప్పు గీత కాలినా పోదు. వంతు సంగతి వచ్చే ఏడు చూద్దాం."

ఫోన్ పెట్టగానే నాగేంద్రమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "జైలు మళ్ళ పోసుడేంది బిడ్డా?"

జగదీశ్ ఆమెనూ, వెంకటన్ననూ మార్చి మార్చి చూశాడు. "జైలు గాదమ్మా, జెల్! జున్ను లెక్క గడ్డకట్టేది. యాసిడ్ గిన్నెలల్ల పడ్డది, మనిషి మీద గాదు. కాలింది దారాలు."

ఒక కాలికి చెప్పుతో వెంకటన్న ఆగిపోయాడు. "అయితే వకీలొద్దా?"

"వకీలొద్దన్నా. మీ ఇంట్ల మేకుంటే ఇయ్యి."